మోటారు సంగతి తర్వాత, ముందు చక్రాలు చూడండి

పాత మోడల్ రైలింజన్లు (చిన్న పట్టాల మీద కరెంటుతో నడిచే నమూనాలు): పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే వచ్చాయి. హౌరా–చెన్నై లైను పక్కన పెరిగినవాళ్లు, రైల్వేలో పనిచేసినవాళ్ల పిల్లలు, మనవలు, షిప్పుల్లో పనిచేసి విదేశాల నుంచి సామాన్లు తెచ్చినవాళ్ల బంధువులు ఇక్కడ చాలామందే ఉన్నారు, వాళ్ల ఇళ్లలో అటకల మీద ఇన్ని పాత ఇంజన్లు ఉన్నాయని తెలిసి నిజంగా సంతోషం వేసింది. దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ ఒకటే మాట, మోటారు పోయినట్టుంది, కొత్తది ఎక్కడ దొరుకుతుంది అని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న ఇంజన్ కదలకపోతే చాలాసార్లు మోటారు బాగానే ఉంటుంది, దాన్ని తిరగనివ్వకుండా పట్టేస్తున్నవి కింద ఉన్న చక్రాలు, వాటిని కలిపే రాడ్లు, అన్నిటినీ మోసే చట్రం, అంటే ఛాసిస్. అందుకే ఈ నెల వాటి మీద వచ్చిన ప్రశ్నలే తీసుకున్నాను.

ప్రశ్న: మా తాతగారు అరవైల్లో ఇంగ్లండ్ నుంచి తెప్పించుకున్న ట్రై-యాంగ్ కంపెనీ మోడల్ ఇంజన్ మా దగ్గర ఉంది. ఆరు చక్రాల చిన్న ట్యాంక్ ఇంజన్. కరెంటిస్తే మోటారు మోత వినిపిస్తుంది, ఇంజన్ కుంటుతూ కొంచెం దూరం వెళ్లి ఆగిపోతుంది, వేలితో తోస్తే మళ్లీ కదులుతుంది. కాసేపటికి వేడెక్కి వాసన కూడా వస్తోంది. మోటారు మార్చాలా?
– ఒక పాఠకుడు, కంటోన్మెంట్, విజయనగరం

మార్చొద్దు, కనీసం ఇప్పుడే వద్దు. వాసన వస్తున్నా తోసి తోసి నడిపించడం మాత్రం ఇవాళ్టితో ఆపేయండి, అలా చేస్తే బాగున్న మోటారు కూడా కాలిపోతుంది.

ఆ కాలపు ట్రై-యాంగ్ ఇంజన్లలో చాలావాటికి ఎక్స్.04 అనే మోటారు ఉంటుంది. వెనక ఉన్న స్క్రూ తీస్తే మోటారు మొత్తం ఛాసిస్ మీద నుంచి పైకి వచ్చేస్తుంది. తీశాక పక్కన పెట్టేయండి, లోపలి భాగాలు విప్పకండి, ముఖ్యంగా అయస్కాంతాన్ని బయటికి లాగకండి. ఆ పాత రకం అయస్కాంతాన్ని దాని ఇనుప పలకల మధ్య నుంచి తీస్తే బలం తగ్గుతుంది, మళ్లీ పెట్టినా మునుపటిలా లాగదు, కరెంటు ఎక్కువ తీసుకుని ఇంకా వేడెక్కుతుంది.

ఇప్పుడు మోటారు లేని ఛాసిస్‌ని అద్దం మీదో గ్రానైట్ గట్టు మీదో పెట్టి వేలితో మెల్లగా తోయండి. ఎక్కడా పట్టకుండా దొర్లాలి. అద్దాన్ని ఒక వైపు కొంచెం ఎత్తితే చక్రాలు తిరుగుతూ తనంత తనే కిందికి రావాలి, చక్రాలు బిగుసుకుని బల్ల మీద జారడం కాదు. ఈ పరీక్షలో నిలబడని ఛాసిస్‌కి ఎంత ఖరీదైన మోటారు పెట్టినా డబ్బు దండగ. మోటారు ఉండగానే ఈ పరీక్ష ఎందుకు చేయకూడదంటే, మోటారు షాఫ్టు మీద స్క్రూలా చుట్లు తిరిగిన వర్మ్ గేరు ఉంటుంది, ఇరుసు మీద దానికి సరిపోయే పళ్ల చక్రం ఉంటుంది. వర్మ్ చక్రాన్ని తిప్పగలదు కానీ చక్రం వర్మ్‌ని తిప్పలేదు. బలవంతంగా చక్రాన్ని తిప్పితే పళ్లు అరిగిపోతాయి.

దొర్లకపోతే ఒక చక్రం మీద మార్కర్‌తో చుక్క పెట్టి మళ్లీ తోయండి. ఆ చుక్క ప్రతి చుట్టులో ఒకే స్థానానికి వచ్చినప్పుడు పట్టేస్తుంటే తప్పు రాడ్లలోనో, చక్రాల కోణంలోనో ఉంది. చుక్క ఎక్కడున్నా ఒకేలా బరువుగా తిరుగుతుంటే అది ఎండిపోయిన నూనె, లేదా ఇరుసుకి చుట్టుకున్న దారాలు, తల వెంట్రుకలు, నేల మీద పట్టాలు వేసి ఆడిన ఇంజన్లన్నిటికీ ఇవి ఉంటాయి, కిరోసిన్ తడిపిన గుడ్డతో మెత్తబరిచి సన్న పట్టకారుతో ఓపిగ్గా లాగాలి. ఇవేవీ కాక ఇంజన్ ఎప్పుడూ పట్టాల మీద ఒకే చోట ఆగుతుంటే అసలు ఇంజన్‌ని ముట్టుకోనే అక్కర్లేదు, ఆ చోట పట్టా అతుకు చూసుకోండి.

మీరు కుంటుతోంది అని రాశారు కాబట్టి నాకు క్వార్టరింగ్ మీద, అంటే రెండు వైపుల చక్రాల మధ్య కోణం మీద అనుమానం. స్టీమ్ ఇంజన్‌లో ఒకే ఇరుసుకి కుడి వైపు క్రాంక్ పిన్ను (చక్రానికి రాడ్డు తగిలించే పిన్ను), ఎడమ వైపు క్రాంక్ పిన్ను పావు చుట్టు తేడాతో, అంటే 90 డిగ్రీల కోణంలో ఉంటాయి. అసలు ఇంజన్‌లో ఒక వైపు పిస్టన్ చివరిదాకా వెళ్లి తోయలేని స్థితిలో ఉన్న క్షణంలో రెండో వైపుది తోస్తూ ఉండాలని అలా పెట్టారు. మోడల్ ఇంజన్‌లో పిస్టన్ బలం లేకపోయినా అవసరం అదే, ఎందుకంటే మోటారు ఒక్క ఇరుసునే తిప్పుతుంది, మిగతా రెండిటినీ పక్క రాడ్లే లాక్కెళ్లాలి. ఇక్కడ చాలామంది 90 డిగ్రీలే రావాలని తంటాలు పడతారు. దానికంటే ముఖ్యమైనది మూడు ఇరుసుల మీదా కోణం ఒకేలా ఉండటం. మూడిటి మీదా 88 ఉన్నా ఇంజన్ హాయిగా నడుస్తుంది. రెండిటి మీద 90 ఉండి మూడోదాని మీద 84 ఉంటే మాత్రం ఒక వైపు రాడ్డు రెండో వైపు రాడ్డుతో కొట్లాడుతుంది, ప్రతి చుట్టులో ఒక చోట పట్టేస్తుంది. మీ కుంటు అదే అయి ఉంటుంది.

తేల్చుకోవడం ఇలా. రెండు వైపులా రాడ్లు తీసేసి ఒక్కో ఇరుసునీ తిప్పండి, మూడూ తేలిగ్గా తిరగాలి, ఏదైనా ఊగుతుంటే ఇరుసు వంగింది. ఒక వైపు రాడ్డు మాత్రం పెట్టి మళ్లీ తిప్పండి. అప్పుడూ బాగుండి, రెండో వైపు పెట్టగానే పట్టేస్తే సందేహం లేదు, కోణం తప్పింది. ఏ ఇరుసుదో తెలియాలంటే ఒక వైపు పిన్నులన్నీ సరిగ్గా అడుగుకి వచ్చేలా ఉంచి రెండో వైపు నుంచి చూడండి, అక్కడ పిన్నులన్నీ ఒకే ఎత్తులో, ఒకే దిక్కున ఉండాలి, తేడాగా ఉన్నదే దొంగ. గేరు ఉన్న ఇరుసుని ముట్టుకోకండి, దాన్నే ప్రమాణంగా పెట్టుకుని తప్పిన ఇరుసు మీద ఒక చక్రాన్ని గుడ్డతో పట్టుకుని వెంట్రుకవాసి తిప్పి, రాడ్డు పెట్టి చూసి, మళ్లీ తిప్పి, అలా దారికి తెచ్చుకోవాలి. ముందు రెండు ఇరుసులనే పెట్టి సరిచేసుకుని, అవి బాగా తిరిగాకే మూడోది కలపండి, మూడూ ఒకేసారి పెట్టుకుంటే ఎవరిది తప్పో తెలియక పిచ్చెక్కుతుంది. పక్క రాడ్డు రంధ్రాన్ని పెద్దది చేసేస్తే పోలేదా అని చాలామంది సలహా ఇస్తారు. అది ఆఖరి మాట కావాలి, మొదటి మాట కాకూడదు. ఒకసారి రంధ్రం పెద్దదైతే చిన్నది చేయలేం.

ఇంకొకటి. ఆ ట్రై-యాంగ్ ఇరుసులకి ఒక వైపు చక్రం లోహంతో నేరుగా కలిసి ఉంటుంది, రెండో వైపు చక్రానికి మధ్యలో ప్లాస్టిక్ అడ్డు ఉంటుంది. ఇరుసులు బయటికి తీస్తే తిరిగి పెట్టేటప్పుడు ప్లాస్టిక్ అడ్డు ఉన్న చక్రాలన్నీ ఒకే వైపు, కరెంటు తీసుకునే రేకులు ఉన్న వైపు రావాలి. ఒక్క ఇరుసు తిరగబడినా పట్టాల మీద పెట్టగానే షార్ట్ అవుతుంది.

ప్రశ్న: ఎనభైల్లో కొన్న బ్రిటిష్ మోడల్ ఇంజన్ ఒకటి పెట్టెలోనే ఉంది, ఎప్పుడూ కింద పడలేదు. ఇప్పుడు తీసి చూస్తే ఒక చక్రం వదులుగా ఊగుతోంది, రెండో వైపు చక్రంతో సంబంధం లేకుండా తిరుగుతోంది. ఫెవిక్విక్ వేసేయమని మా బావ అంటున్నాడు.
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

వెయ్యొద్దని మీ బావగారికి చెప్పండి. ఆ గమ్ము పల్చగా ఉంటుంది, ఇరుసు వెంబడి పాకి బేరింగులోకి వెళ్లిపోతే చక్రం ఇక తిరగనే తిరగదు. పైగా మెలిపడే చోట అది నిలవదు, పుటుక్కున వదిలేస్తుంది.

మీ ఇంజన్ వర్ణన చూస్తే అది రెండు ముక్కల ఛాసిస్ రకం. డెబ్బైల చివర నుంచి తొంభైల దాకా ఇలాంటివి బాగా వచ్చాయి. ఛాసిస్‌ని పొడుగునా రెండుగా చీల్చి మధ్యలో ప్లాస్టిక్ అడ్డు పెడతారు, ఎడమ ముక్క ఎడమ పట్టా నుంచి, కుడి ముక్క కుడి పట్టా నుంచి కరెంటు తీసుకుంటుంది, విడిగా రేకులు ఉండవు. ఇరుసు కూడా ఒకటే కడ్డీ కాదు, అటు నుంచి ఒక పొట్టి ముక్క, ఇటు నుంచి ఒక పొట్టి ముక్క, రెండిటినీ కలుపుతూ మధ్యలో ప్లాస్టిక్ గొట్టం. గేరు కూడా ఆ గొట్టం మీదే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ పెళుసై, లోపల బిగుతుగా ఉన్న లోహపు ముక్క ఒత్తిడికి పొడుగునా చీరుకుంటుంది. వాడకపోయినా చీరుకుంటుంది, ఇందులో మీరు చేసిన తప్పేమీ లేదు.

మందు ఒకటే, గొట్టం మార్చడం. ఒకటి చీలిందంటే మిగతావి అదే ప్లాస్టిక్, అదే వయసు, కాబట్టి అన్నీ ఒకేసారి మార్చండి. విదేశాల్లో పాత మోడల్స్ విడిభాగాలు అమ్మేవాళ్ల దగ్గర కొత్త గొట్టాలు దొరుకుతున్నాయి, త్రీడీ ప్రింటింగ్‌తో చేసినవి కూడా ఉన్నాయి. ఎవరైనా బంధువులు బ్రిటన్‌లో ఉంటే బట్టలు, చాక్లెట్ల బదులు ఇవి తెమ్మనండి. గేరు లేని ఇరుసులకైతే అంత దూరం పోనక్కర్లేదు, విజయనగరంలోనో విశాఖలోనో చిన్న పని చేసే లేత్ షాపులో నైలాన్ కడ్డీ ఇచ్చి, పాత గొట్టం చూపించి, అదే పొడవు, లోపల ఇరుసుకి బిగుతుగా పట్టే రంధ్రం పెట్టి ఇమ్మనొచ్చు. ఇత్తడితో చేస్తే గట్టిగా ఉంటుంది కదా అని లేత్ ఆయన అంటాడు. ఒప్పుకోకండి, ఇత్తడి పెడితే రెండు పట్టాల కరెంటూ ఇరుసులోనే కలిసిపోతుంది.

ఛాసిస్ విప్పేముందు నాలుగు వైపుల నుంచి ఫోనులో ఫోటోలు తీసుకోండి, విప్పుతున్నప్పుడూ తీసుకోండి. రెండు ముక్కలూ విడిపోగానే గేర్లు, స్ప్రింగులు అన్నీ ఒక్కసారిగా బయటపడతాయి, అందుకని అంచు ఉన్న పళ్లెంలో పెట్టి చేయండి. బేరింగు గాళ్లలో నల్లటి జిడ్డు ఉంటుంది, అది పూర్తిగా పోవాలి, ఎందుకంటే ఈ రకంలో కరెంటు వెళ్లే దారి ఆ బేరింగే. అగ్గిపుల్ల చివర గుడ్డ చుట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది. కొత్త గొట్టంలోకి ఒక వైపు ముక్కని పూర్తిగా నొక్కి, రెండో వైపుది సగమే నొక్కి, ముందు జవాబులో చెప్పిన విధంగా కోణం చూసుకుని, రాడ్లు పెట్టి దొర్లించి చూశాకే మిగతా సగం నొక్కండి. చక్రాల మధ్య లోపలి దూరం కూడా అప్పుడే కొలవాలి, దాని గురించి తర్వాతి జవాబులో ఉంది. తొందర పడకండి, ఒక ఆదివారం మొత్తం దీనికే పెట్టుకోండి.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను సార్. మా పెద్దనాన్న పాత ఇంజన్లు, పట్టాలు నాకిచ్చారు. తిన్నటి పట్టా మీద, వంపుల్లో బాగానే వెళ్తుంది, పాయింట్ల దగ్గరకి, అంటే దారి రెండుగా చీలే చోటికి రాగానే ప్రతిసారీ పట్టాలు తప్పుతోంది. పాయింట్లు పాడయ్యాయా?
– ఒక విద్యార్థి, రాజాం

తమ్ముడూ, వేరే ఇంజనో రైలు పెట్టెనో అదే పాయింట్ మీద తోసి చూడు. అది బాగా దాటితే పాయింట్ మంచిదే, నీ ఇంజన్ చక్రాల మధ్య దూరం తప్పింది.

ఒకే ఇరుసు మీద ఉన్న రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరాన్ని బ్యాక్ టు బ్యాక్ అంటారు. నీ పట్టా గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 16.5 మిల్లీమీటర్లు అయితే ఇప్పటి పట్టాల మీద ఈ దూరం 14.4 నుంచి 14.5 దాకా ఉండాలి. పాత ఇంజన్లలో చాలావాటికి ఇంతకంటే తక్కువే ఉంటుంది, ఎందుకంటే వాటి చక్రాల అంచులు లావు, అప్పటి పాయింట్లలో సందులు వెడల్పు. పాయింట్‌లో పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట పక్కనే ఇంకో చిన్న పట్టా ముక్క చూశావు కదా, దాన్ని చెక్ రైలు అంటారు, చక్రాన్ని వెనక నుంచి ఆపి సరైన దారిలోకి పంపడం దాని పని. చక్రాలు మరీ దగ్గరగా ఉంటే వెనక ముఖం ఆ చెక్ రైలుకి కొట్టుకుని పైకెక్కుతుంది. మరీ దూరంగా ఉంటే ఎదురుగా ఉన్న మొనకి కొట్టుకుంటుంది. పెద్ద రైళ్లకీ ఇదే లెక్క, మన బ్రాడ్ గేజ్‌లో పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు, చక్రాల లోపలి దూరం 1600, దాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాతో కాపాడుకుంటూ వస్తారు.

మీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో వెర్నియర్ కాలిపర్స్ ఉంటుంది, మేడమ్‌నో సార్‌నో అడిగి ఒక గంట వాడుకో, కాదనరు. ఒక్కో ఇరుసునీ చక్రం చుట్టూ మూడు చోట్ల కొలువు. మూడూ ఒకేలా తక్కువ వస్తే చక్రాన్ని కొంచెం బయటికి జరపాలి. మూడూ మూడు రకాలుగా వస్తే చక్రం ఇరుసు మీద వంకరగా కూర్చుంది, ముందు దాన్ని సరిచేయాలి. చక్రాన్ని స్క్రూడ్రైవర్‌తో ఒక పక్క నుంచి తన్నొద్దు, రెండు పక్కలా సమానంగా తోసేలా చూడు, మెలితిప్పకుండా నేరుగా లాగు, మెలితిప్పితే పైన చెప్పిన కోణం పోతుంది. జరిపాక రాడ్లు ఛాసిస్‌కి రాసుకుంటున్నాయేమో చూసుకో. చక్రాల అంచులు మరీ లావుగా ఉండి, దూరం సరిచేసినా ఎక్కేస్తుంటే మీ పెద్దనాన్న ఇచ్చిన పాత పాయింట్లనే వాడుకో. ఆ ఇంజన్ వాటి కోసమే పుట్టింది.

ప్రశ్న: మా మావయ్యగారి దగ్గర రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి ఇంజన్ ఉంది. చక్రాల మీద సన్నటి పగుళ్లు, ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఛాసిస్ మధ్యలో ఉబ్బినట్టుంది. తుప్పా? ఎలా ఆపాలి? పక్కనున్న ఇంజన్లకి అంటుకుంటుందా?
– ఒక పాఠకురాలు, పలాస

తుప్పు కాదండీ. చెప్పడానికి బాధగా ఉంది, దీనికి మందు లేదు.

ఆ చక్రాలు జింకు మిశ్రమంతో పోత పోసినవి. జింకులో కొద్దిపాటి సీసం కలిసినా అది లోహపు రేణువుల మధ్య చేరి, గాలిలో తేమతో కలిసి లోపలి నుంచి తినేస్తుంది, లోహం ఉబ్బి, పగిలి, చివరికి పొడి అవుతుంది. చాలా శుద్ధమైన జింకుతో చేసే మిశ్రమాన్ని అమెరికాలో న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో తీసుకొచ్చింది, కానీ పోత పోసే చోట ఒక్క సీసం ముక్క మూసలో పడినా ఆ శుద్ధి అంతా వృథా, అందుకే ఒకే ఏడాది తయారైన రెండు ఇంజన్లలో ఒకటి కొత్తదానిలా ఉంటుంది, ఇంకోటి ముక్కలవుతుంది. అంటువ్యాధి మాత్రం కాదు. పక్కన ఉన్నవాటికి రాదు, ఆ భయం వదిలేయండి.

వేడి, తేమ రెండూ దీన్ని తొందరపెడతాయి, మీకేమో సముద్రం దగ్గర. చెక్క బీరువాలో కాకుండా గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, రంగు మారే రకమైతే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. నడిపించే ప్రయత్నం చేయొద్దు. చక్రాలు మాత్రమే పోయి ఛాసిస్ తిన్నగా ఉంటే కొత్త చక్రాలు వేయించవచ్చు, యుద్ధానికి ముందటి ఇంజన్లకి కొత్తగా పోత పోసిన చక్రాలు చేసి అమ్మేవాళ్లు ఉన్నారు. మీ విషయంలో ఛాసిస్ ఉబ్బింది కాబట్టి ఇరుసుల మధ్య దూరమే మారిపోయి ఉంటుంది, దానికి కొత్త చక్రాలు వేసినా రాడ్లు కలవవు. పైన రేకు బాడీ, రంగు, అక్షరాలు బాగుంటే వాటిని జాగ్రత్త చేయండి. ఉబ్బిన ఛాసిస్ బాడీని లోపలి నుంచి నెట్టి చింపేయకముందే రెండిటినీ విడదీసి పెట్టడం మంచిది.

ప్రశ్న: హార్న్‌బీ డబ్లో ఇంజన్ ఒకటి కొన్నాను. మా రెండు పట్టాల లైను మీద పెట్టగానే కంట్రోలర్ ట్రిప్ అవుతోంది. ఇంజన్ లోపల షార్ట్ ఉందా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

తిరగేసి చూడండి. పొట్ట కింద స్ప్రింగుతో కదిలే రేకు ఉంటే మీది మూడు పట్టాల రకం, దాంట్లో లోపమేమీ లేదు. హార్న్‌బీ డబ్లో 1938లో లివర్‌పూల్‌లోని మెకానో ఫ్యాక్టరీ నుంచి మూడు పట్టాలతోనే వచ్చింది, 1959లో గానీ రెండు పట్టాలకి మారలేదు. మూడు పట్టాల ఇంజన్ మధ్య పట్టా నుంచి కరెంటు తీసుకుని చక్రాల ద్వారా పక్క పట్టాలకి ఇస్తుంది, అందుకని రెండు వైపుల చక్రాలూ ఇరుసుతో నేరుగా కలిసి ఉంటాయి, రెండు పట్టాల మీద అది షార్టే మరి. చక్రాలు మార్చి రెండు పట్టాలకి తిప్పొచ్చు, చేసినవాళ్లు ఉన్నారు. నా మనసుకి మాత్రం అది ఒప్పదు. పాత మూడు పట్టాల ట్రాక్ కొంత సంపాదించుకుని, బల్ల మీద గుండ్రంగా వేసి, దాన్ని దాని తీరులోనే నడిపించండి.

ప్రశ్న: ఇంజన్ చక్రాలకి కొబ్బరినూనె వేస్తే చాలని ఇంట్లో అంటున్నారు, కుట్టు మిషన్‌కి మా అమ్మ అదే వేసేది. చక్రాల మీద నల్లటి పొర గరుకు కాగితంతో గీకితే పోతుందా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

రెండూ వద్దండీ. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మన దగ్గర చలికాలం తెల్లవారుజామున చూస్తూనే ఉంటాం. ఎండాకాలంలో దుమ్ము పట్టి జిగురవుతుంది. నేను విప్పిన ఇంజన్లలో ఇరుసులకి పట్టిన పసుపు రంగు బంక చాలావరకు ఇలా ఇంట్లో దొరికిన నూనెలదే. కుట్టు మిషన్‌కి అని షాపులో అమ్మే పల్చటి మిషన్ నూనె కొనండి, సూది మొనతో ఇరుసు బేరింగుకి ఒక చిన్న బొట్టు, రాడ్డు పిన్నుకి అందులో సగం. కారిందంటే ఎక్కువైనట్టే, చక్రం పట్టాని తాకే చోటికి చేరితే పట్టు పోతుంది, కరెంటూ అందదు. తుప్పు వదిలించే స్ప్రేలు బిగుసుకుపోయిన స్క్రూ తీయడానికి మంచివి, నూనెకి బదులు కావు.

నల్ల పొరకి గరుకు కాగితం వాడితే గీతలు పడతాయి, ఆ గీతల్లో మురికి మళ్లీ తొందరగా చేరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మందుల షాపులోనో మొబైల్ రిపేరు సామాన్ల షాపులోనో దొరుకుతుంది. పాత నూలు గుడ్డని దాంతో తడిపి పట్టాల మీద పరిచి, ఇంజన్ ఒక చివరి చక్రాలు గుడ్డ మీద, రెండో చివరివి పట్టా మీద ఉండేలా పట్టుకుని కరెంటివ్వండి, చక్రాలు తిరుగుతూ వాటంతటవే తుడుచుకుంటాయి. తర్వాత అటు తిప్పి ఇటు. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి కూడా రానివ్వకండి, ప్లాస్టిక్ కరిగిపోతుంది.

ప్రశ్న: లీమా డీజిల్ ఇంజన్ చక్రాలకి ఉన్న రబ్బరు రింగులు కరిగి జిగురైపోయాయి. సైకిల్ వాల్వ్ ట్యూబ్ కోసి వేయొచ్చా? అదీ కాక కొత్తగా కొన్న పట్టాల మీద టకటకమని చప్పుడొస్తోంది.
– ఒక పాఠకుడు, నరసన్నపేట

వాల్వ్ ట్యూబ్ మందం అన్ని చోట్లా ఒకేలా ఉండదు, ఇంజన్ ఊగుతూ నడుస్తుంది. గాడిలోని జిగురుని పూర్తిగా గీకేసి, గాడి అడుగు వ్యాసం కొలిచి, దానికంటే కొంచెం చిన్న ట్రాక్షన్ టైర్లు (పట్టు కోసం వేసే ఈ రబ్బరు రింగులే) తెప్పించుకోండి. టైరు వేశాక అది చక్రం పట్టాని తాకే ముఖంతో దాదాపు సమంగా ఉండాలి. రబ్బరు ఉన్న చక్రం కరెంటు తీసుకోదు కాబట్టి మిగతా చక్రాలు అద్దంలా శుభ్రంగా ఉండాలి. ఇక చప్పుడు సంగతి. ఇటలీలోని విచెంజాలో తయారైన ఆ పాత ఇంజన్ల చక్రాల అంచులు బాగా లోతు, 2.54 మిల్లీమీటర్ల ఎత్తున్న కోడ్ 100 పట్టా మీద సరిపోతాయి. మీరు కొన్నవి 1.9 ఎత్తున్న కోడ్ 75 అయి ఉంటాయి, అంచులు పట్టాని పట్టి ఉంచే ముళ్లకి కొట్టుకుంటున్నాయి. లేత్ మీద అంచులు తగ్గించొచ్చు, కానీ ఇరుసు వంగకుండా పట్టుకోగల పనివాడు దొరకాలి. పట్టాలు మార్చుకోవడమే తేలిక.

ప్రశ్న: మా ఊరి మీదుగా పోయిన నౌపడా–గుణుపురం చిన్న రైలు మోడల్ చేయాలని కోరిక. నా దగ్గర ఒక పాత ఆరు చక్రాల ఇంజన్ ఉంది, 16.5 మిల్లీమీటర్ల గేజ్‌ది. దాని ఛాసిస్ పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, టెక్కలి

ఈ ఉత్తరం చదివి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. పనికొస్తుంది, చక్కగా పనికొస్తుంది.

పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ లైను 1900లో నడక మొదలుపెట్టింది, 1931కి గుణుపురం చేరింది, బ్రాడ్ గేజ్ చేయడం కోసం 2004లో చిన్న రైలు ఆపేశారు. దాని గేజ్ రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. దాన్ని మీ 16.5తో భాగిస్తే 46 చిల్లర వస్తుంది. విదేశాల్లో నారో గేజ్ మోడల్స్ చేసేవాళ్లు వాడే 1:48, 1:43.5 నిష్పత్తులు దీనికి అటూ ఇటూ ఉన్నాయి, రెండిట్లో ఏది తీసుకున్నా కంటికి తేడా తెలియదు. అంటే మీ పాత ఛాసిస్ మీద కొత్తగా, పెద్దగా బాడీ కట్టుకుంటే సరిపోతుంది. 1:48 అయితే మనుషుల బొమ్మలు, చెట్లు, స్టేషన్ సామాను బయట దొరకడం తేలిక, నేనైతే అదే ఎంచుకుంటాను.

ముందు ఛాసిస్‌ని మొదటి జవాబులో చెప్పినట్టు మోటారు తీసి దొర్లించి చూడండి, బాడీ కట్టాక చక్రాలు సరిచేయడం నరకం. తర్వాత ఆ లైను ఇంజన్ల ఫోటోలు సంపాదించండి, మీ ఊళ్లో పెద్దవాళ్ల ఇళ్లలో ఆల్బమ్‌లలో తప్పకుండా ఉంటాయి, పెళ్లి వాళ్లు స్టేషన్లో దిగిన ఫోటో అయినా పరవాలేదు. వాటిలో చూడాల్సింది చక్రాలు ఫ్రేముకి బయట కనిపిస్తున్నాయా, ఫ్రేము వెనక దాక్కున్నాయా అన్నది. ఫ్రేము వెనక ఉంటే మీ ఛాసిస్‌కి పక్కన రేకు పలకలు, ఇరుసు చివర్లకి క్రాంకులు అదనంగా వేయాలి, అది కొంచెం పెద్ద పని, దానికీ కోణం లెక్క వర్తిస్తుంది. బయట ఉంటే రాడ్ల మీద నికెల్ మెరుపుని మసకబరిస్తే చాలు. బాడీ పెద్దదవుతుంది కాబట్టి బరువు సరిగ్గా ఇరుసుల మధ్యకి వచ్చేలా లోపల సీసం ముక్కలు సర్దాలి, వెనక క్యాబ్‌లో ఎక్కువైతే ముందు చక్రాలు తేలిపోతాయి.

మీ ఛాసిస్ మొదటి ఇరుసు నుంచి చివరి ఇరుసుకి ఎంత దూరం, చక్రం వ్యాసం ఎంత, మోటారు ఎంత ఎత్తు ఉందో కొలిచి, దొరికిన ఫోటో నకలు ఒకటి జతచేసి రాయండి. కొలతలు చూశాక బాడీకి ఎంత చోటు మిగులుతుందో వచ్చే నెల చెబుతాను.